మారెమ్మ తిట్టని గడప

నేను అనంతపురం జిల్లాకు వెళ్తున్నానని తెలిసి మా తెనాలి వీధిలో ఆడవాళ్ళంతా నా మీద జాలిపడ్డారు. "అక్కడ నీళ్ళుండవటగా" అని ఒకావిడ మరచెంబు ఇచ్చింది. "తిండీ ఉండదటగా" అని ఇంకొకావిడ జంతికలు కట్టి ఇచ్చింది. మూడో ఆవిడ ఏమీ ఇవ్వలేదు గానీ, తిరిగొచ్చాక ఒక్క ముక్క వదలకుండా చెప్పాలని మాట తీసుకుంది. వచ్చినప్పట్నుంచీ చెప్తూనే ఉన్నాను. నోరు నొప్పిపుట్టి ఇప్పుడు ఇలా కాగితం మీద పెడుతున్నాను.

నేను ఊళ్ళు చూడడానికి వెళ్ళలేదు. మా చెల్లెలు సుశీలకు ఏడో నెల. మా అమ్మ పోయింది కాబట్టి పురిటికి తీసుకురావలసింది నేనే. దాని మొగుడు సత్యం మశూచికం టీకాలు వేసే ఉద్యోగి. సర్కారు వాళ్ళు ఎక్కడ నీళ్ళు లేవో వెతికి వెతికి అక్కడికి పంపారు అతన్ని. కంబదూరు దాటి ఇంకా లోపలికి పోవాలి. ఆ పల్లె పేరు మాత్రం రాయను. రాస్తే సుశీల ఊరుకోదు, ఎందుకో మీకే తెలుస్తుంది.

రైల్లో పామిడి మనిషి

గుంటూరులో ఎక్కిన చిన్నబండి నల్లమల అడవి దాటేదాకా నాకు బాగానే ఉంది. ఆ తర్వాత కిటికీలోంచి పచ్చదనం స్టేషను స్టేషనుకీ తగ్గుతూ వచ్చింది. గుంతకల్లులో బండి మారాలి. అక్కడ ప్లాట్‌ఫారం మీద ఉగ్గాని అని పెట్టారు. బొరుగులు నీళ్ళలో తడిపి, గట్టిగా పిండి పోపు పెట్టిన వంటకం, పక్కన మిరపకాయ బజ్జీ. మా వైపు బొరుగులు పిల్లలకు తాయిలం, ఇక్కడ ఫలహారం. జంతికలు తినిపెట్టే పని బండిలో వాళ్ళకు అప్పగించి నేను రెండోసారి కూడా ఉగ్గానే తిన్నాను.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త. చిల్లర దగ్గర ఆ అమ్మేవాడికీ నాకూ చిన్న యుద్ధం జరుగుతుంటే, బట్టల మూట ఒళ్ళో పెట్టుకున్న ఒక పెద్దాయన మధ్యలో వచ్చి తీర్చాడు. పామిడి ఆయనది. పంచెలు, తువ్వాళ్ళు ఊరూరా అమ్ముతాడట.

"యాడికి పోతాండవమ్మా?" అన్నాడు. మా చెల్లెలింటికన్నాను. ఏ ఊరన్నాడు.

చెప్పాను.

"ఆ ఊరికా! మారెమ్మ జాతర గదా ఈ వారం. మంచి టైముకే పోతాండవు. బాగా తిట్లు తిని రామ్మా."

నాకు ఒళ్ళు మండింది. "మేమెందుకు తింటామండీ తిట్లు?" అన్నాను.

"అదృష్టముంటే తింటావు" అని నవ్వి, మూట విప్పి ఒక పంచె నా ముందు పరిచాడు. ఎర్ర అంచు, గట్టి నేత. "నీ మరిదికి తీస్కపో. కడితే పెండ్లికొడుకు మాదిరి ఉంటాడు. దుడ్లు ఎంతిస్తావో ఇయ్యి." నేను మా ఊరి ధరలో సగం చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఇంకా తక్కువ చెప్పాల్సిందని అనంతపురం వచ్చేదాకా బాధపడ్డాను.

మరచెంబు సంగతి

అనంతపురంలో ఒక పూట ఆగి, మర్నాడు బస్సెక్కాను. ఎర్ర నేల, గుండ్రాళ్ళ గుట్టలు, మధ్యమధ్య తుమ్మచెట్లు. వేరుశనగ పండే చేలట అవన్నీ. వాళ్ళు బుడ్డలంటారు. వాన పడితే పచ్చగా ఉంటాయని బస్సులో అందరూ నాతో ఒట్టేసి చెప్పారు, ఏదో వాళ్ళ పిల్లలకు నేను సంబంధం చూడ్డానికి వచ్చినట్టు.

దాహం వేసింది. మరచెంబు మూత బిగుసుకుపోయి రాలేదు. నేను తిప్పాను, నా పక్కావిడ తిప్పింది, కండక్టరు తిప్పాడు. చివరికి బస్సు మగాళ్ళంతా పంతం పట్టారు. చెంబు ముందు సీటు నుంచి వెనక సీటుకు పోయి మళ్ళీ ముందుకు వచ్చింది గానీ మూత మాత్రం కదల్లేదు. ఒక గొర్రెల కాపరి తన ముంత నాకిచ్చి, "ఈ నీళ్ళు తాగమ్మా. మీ ఊరి నీళ్ళు మీ ఊరికి పోయినాక తాగుదువు" అన్నాడు. నీళ్ళుండవన్న చోట ఒకరు పిలిచి నాకిచ్చిన మొదటి నీళ్ళు అవి. చల్లగా ఉన్నాయి.

సూదప్ప ఇల్లు

బస్సు దిగి సత్యం పేరు చెప్తే ఎవరికీ తెలియలేదు. "టీకాలు వేస్తాడు" అన్నాను. "ఓ, సూదప్పనా!" అని ఒకతను పెట్టె నెత్తికెత్తుకుని తీసుకెళ్ళాడు. ఇంటి ముందు అరుగు మీద పెట్టె దించి, మంచినీళ్ళు తాగమన్నా వినకుండా దండం పెట్టి వెళ్ళిపోయాడు.

సుశీల బాగానే ఉంది. కడుపు ముందు, తను వెనక. రాగి సంగటి ముద్ద, ఊరుబిండి అని బుడ్డల పచ్చడి పెట్టింది. సంగటి నమలకూడదట, మింగాలట. నేను నమిలాను. అది నా పళ్ళను విడిచిపెట్టడానికి సాయంత్రం అయింది.

ఆ ఊరివాళ్ళ మర్యాద చూసి నేను మురిసిపోయాను. పక్కింటి ఈరమ్మ మజ్జిగ చెంబు తెచ్చి అరుగు మీద పెట్టి, "బాగుండావా అమ్మా" అని నన్ను పలకరించింది. ఒకామె ఆకుకూర తెచ్చి అరుగు మీద పెట్టింది. ఎవరూ గట్టిగా ఒక మాట అనరు. మా వీధిలో అయితే ఈపాటికి నా చీర ఖరీదు దగ్గర్నుంచి నా మొగుడి జీతం దాకా లాగేవారు.

"ఎంత మంచి వాళ్ళే!" అన్నాను.

సుశీల కళ్ళు తుడుచుకుంది. "అక్కా, వీళ్ళెవరైనా గడప దాటి లోపలికి రావడం చూశావా?"

అప్పుడు చూసుకున్నాను. నిజమే, మజ్జిగా అరుగు మీదే, ఆకుకూరా అరుగు మీదే.

విషయం ఇది. మశూచికం వస్తే ఆ ఊరివాళ్ళు జబ్బు అనరు. మారెమ్మ ఒంటి మీదికి వచ్చిందంటారు. వేపాకు పరిచి పడుకోబెట్టి, ఇంట్లో గట్టిగా మాట్లాడరు, తాలింపు పెట్టరు, వచ్చినావిడకు కోపం రాకుండా సాగనంపుతారు. మా తెనాలిలోనూ అంతే కదా, కొత్తేమీ కాదు. కానీ మా ఇంట్లో అమ్మవారిని సూది పట్టుకుని అడ్డగించే మనిషి కాపురముండడు. సత్యం ఇంటి గడప తొక్కితే మారెమ్మకు కోపమని వీళ్ళ భయం. ఈరమ్మ ఆ ఊరి మంత్రసాని. అడుగు దూరంలో ఉంది. అయినా సుశీల కడుపు మీద ఒక్కసారి చెయ్యి వేసి చూడలేదు.

"అయితే నాతో రా. పురుడు మనింట్లో పోసుకుని..."

"వస్తానక్కా, తర్వాత? బిడ్డనెత్తుకుని మళ్ళీ ఇక్కడికే కదా రావాలి. ఎవరూ ఎత్తుకోని బిడ్డను పెట్టుకుని ఈ గదిలో కూర్చోవాలా?"

సత్యం నెమ్మదైన వాడు. నేలచూపులు చూస్తూ, "ఈసారి కూడా అలాగే అయితే బదిలీకి అడుగుతానండి వదినగారూ" అన్నాడు.

"ఈసారి కూడా ఏమవుతుంది?"

"ఈసారి కూడా సుశీలను తిట్టకపోతే" అన్నాడు.

తిట్ల హక్కు

ఊరి బయట రాళ్ళ మధ్య మారెమ్మ గుడి. గుడంటే నాలుగు బండలు, పైన ఒక బండ. జాతరకు కుమ్మరి మట్టితో నిలువెత్తు అమ్మవారిని చేస్తాడు. నేను వెళ్ళి చూశాను. పసుపు మొహం, బయటికి చాచిన నాలుక, నుదురంతా కుంకుమ, ఒక చేత కత్తి, ఇంకో చేత గిన్నె. గుడ్లురిమి చూస్తోంది. నాకు మా మేనత్త జ్ఞాపకం వచ్చి గబుక్కున దండం పెట్టేశాను.

ఆ అమ్మవారికి ఆసాది అని ఒక మనిషి ఉంటాడు. ఆమె కథ పాడేవాడు. ఈ ఊరి ఆసాది పేరు ఓబన్న. మిగతా రోజుల్లో రెడ్డి ఇంటి ముందు చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నడిచే మనిషి. జాతర నాడు అమ్మవారిని పొలిమేరకు సాగనంపుతూ ప్రతి గడప ముందూ ఆగి ఆ ఇంటివాళ్ళను పేరు పెట్టి తిడతాడు. రెడ్డిని తిడతాడు, కరణాన్ని తిడతాడు. ఎవరూ మారు పలకకూడదు.

ఎందుకని ఈరమ్మను అడిగాను. ఆమె అరుగు కింద నిలబడే చెప్పింది.

"అమ్మకి కోపముంటాది గదమ్మా. ఆ కోపం తిట్లల్లో పోవల్ల. తిట్లల్లో పోకుంటే ఒంటి మీదికి దిగుతాది. ఓబన్న నోటితో తిట్టేది ఆ యమ్మే. తిట్టించుకున్న ఇల్లు ఆ యమ్మకి తెలిసిన ఇల్లు. ఇంగ భయం ల్యా."

"మరి మా సుశీలను?"

"పోయిన జాతరకి వీళ్ళు కొత్త. ఓబన్న ఈడికి వచ్చి చేతులెత్తి దండం పెట్టి పోయినాడు." ఈరమ్మ గొంతు తగ్గించింది. "దండం పెట్టినాక మేమెట్ల లోపలికి వొచ్చేది చెప్పు? కడుపుతో ఉండే పిల్ల. గట్టిగా తిట్టించుకోవల్ల ఈ తూరి."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మా చెల్లెల్ని చిన్నప్పట్నుంచీ ఎవరూ ఒక్క మాట అన్నవాళ్ళు లేరు. అనడానికి అవకాశమే ఇవ్వదు, అంత మెతక. తిట్లకు నేను, మెప్పులకు అది అని మా ఇంట్లో పంచుకున్నాం. అలాంటి దానికి ఇప్పుడు తిట్లు కావాలి. ఇదేదో నాకు చేతనైన పనే అనిపించింది.

పామిడి పంచె

జాతర ముందురోజు ఓబన్నను వెతుక్కుంటూ వెళ్ళాను. మారెమ్మ గుడి నీడలో కూర్చుని, మిరియాలు, బెల్లం నములుతూ గొంతు సిద్ధం చేసుకుంటున్నాడు. చుట్టూ ఆడవాళ్ళు. ఒక కోడలు తన అత్త దొంగచాటుగా ఏమేం తింటుందో చెప్తోంది. ఆవిడ వెళ్ళగానే ఆ అత్తే వచ్చి కోడలి నిద్ర గురించి చెప్పింది. ఓబన్న ఇద్దరి మాటలూ బుద్ధిగా విన్నాడు. ఇంత చక్కటి ఏర్పాటు మా తెనాలిలో ఎందుకు లేదా అని నాకు దిగులేసింది.

నా వంతు వచ్చింది. "ఓబన్నా, రేపు మా చెల్లెల్ని బాగా తిట్టాలి" అన్నాను.

"ఏమని తిట్టేదమ్మా? ఆ యమ్మకి ఒక్క తప్పు ల్యాకపాయ. నోరెత్తి మాట్లాడదు, పోట్లాడదు. తిట్టుకి ఏదన్నా ఆధారం ఉండల్ల గదా."

నేను ఆలోచించాను. మా చెల్లెలి తప్పులు ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. ఇక లాభం లేదని, మా వైపు పద్ధతిలో పోయాను. సత్యం కోసం తెచ్చిన ఎర్రంచు పంచె తీసి ఓబన్న చేతుల్లో పెట్టాను. "ఇది ఉంచు. ఎలాగోలా నువ్వే కల్పించి తిట్టు."

ఓబన్న పంచె కళ్ళకద్దుకున్నాడు. "చల్లగ ఉండల్ల తల్లీ మీ చెల్లెలు" అన్నాడు.

పని అయిపోయిందని ఇంటికి వచ్చి ఈరమ్మకు గొప్పగా చెప్పాను. ఆమె రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది.

"ఎంత పని చేసినావమ్మా! ఇచ్చింది తీసుకున్నాక యా నోటితో తిడతాడు? జాతరకి ముందు యా ఇంటి నుంచి గింజ కూడా ముట్టడు ఓబన్న. నువ్వు ఊరిదానివి కాదని ముట్టినాడు. ఇంగ ఈ ఇంటికి దండమే!"

పరుగెత్తుకుంటూ వెనక్కి వెళ్ళాను. ఓబన్న అప్పటికే పంచె కట్టి చూసుకుంటున్నాడు. తిరిగి ఇచ్చేయమన్నాను. "ఇచ్చింది నేను తిరిగిస్తే నాకి పాపం తగుల్తాది" అన్నాడు. పోనీ నేనే లాక్కుంటానన్నాను. "లాక్కో. ఇచ్చింది లాక్కునే మనిషిని నేనింతవరకూ చూడల్యా" అని నవ్వాడు. చుట్టూ ఆడవాళ్ళు నావైపే చూస్తున్నారు. నా చెయ్యి లేవలేదు. తెనాలి నుంచి వచ్చి పంచె గుంజుకున్న ఆవిడ అని పేరు పడిపోతుందేమోనని సిగ్గేసింది.

ఇంటికి వచ్చి సుశీలకు జరిగింది చెప్పాను. అది నన్ను ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. లోపలికి వెళ్ళి తన చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.

అమ్మవారు కదిలింది

మర్నాడు ఎండ వాలాక ఊరేగింపు వచ్చింది. ముందు పలకలు, ఆ వెనక జ్యోతులెత్తుకున్న ఆడవాళ్ళు, వేపమండలు, మనుషుల భుజాల మీద మట్టి మారెమ్మ. ఆమె ముందు ఓబన్న, నుదుటి నిండా కుంకుమ, చేతిలో వేపకొమ్మ. మా పంచె నడుముకు చుట్టి ఉంది.

రెడ్డి ఇంటి ముందు ఆగాడు. పలకలు ఆగాయి.

"ఓ రెడ్డీ! నీ మీసం చూసి మేకపోతు నవ్వుతాండాది. బాయి తవ్విస్తే నీళ్ళు పడల్యా, నిన్ను కట్టుకున్నదాని కన్నీళ్ళు పట్టి కయ్య పారించినావంట గదరా!"

రెడ్డి చేతులు కట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. రెడ్డి భార్య మాత్రం పైట అడ్డం పెట్టుకుని ఆపకుండా నవ్వింది. కరణం ఇంటి ముందు ఇంకా ఎక్కువ పడ్డాయి, అవి రాయలేను. ఈరమ్మ వాకిట్లో, "నువ్వు పట్టుకున్న బిడ్డలంతా నీ మొగం చూసి గదనే పుట్టగానే ఏడ్చేది!" అన్నాడు. ఈరమ్మ మొహం వెలిగిపోయింది.

మా గడప వచ్చింది. సత్యం తలుపు వెనక ఉన్నాడు. సుశీల అరుగు ముందు నిలబడింది. ఓబన్న ఆగాడు. దాని మొహం వైపు చూశాడు. అతనికీ కష్టంగానే ఉందనుకుంటాను. నెమ్మదిగా రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, "చల్లగ ఉండు తల్లీ" అన్నాడు. పలకలవాళ్ళు కదిలారు. ఆడవాళ్ళు మా వైపు చూడకుండా తలలు తిప్పుకున్నారు.

అప్పుడు మా చెల్లెలు అరుగు ముందు నుంచి కదిలింది. ఏడో నెల కడుపుతో జనంలోకి నడిచి, ఓబన్న నడుముకు చుట్టిన పంచె చెంగు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"ఇది మా ఆయన పంచె! ఇటివ్వు! ఊరికే వచ్చిందా?"

అంత గట్టి గొంతు దానికి ఉందని నాకు ఇన్నేళ్ళుగా తెలియదు. పలకలు ఆగిపోయాయి. ఓబన్న లోపలి పాత పంచెతో మిగిలాడు. తర్వాత అతని కళ్ళు మారెమ్మ కళ్ళంత అయ్యాయి.

"ఓసీ సూదప్ప పెండ్లామా! అమ్మ ముందర నా నడుము గుడ్డ గుంజుతావా? నీ సంగటి ముద్ద విసిరితే కుక్క కన్ను పోతాది! నీ మొగుడు పిల్లోళ్ళ చేతికి సూది గుచ్చుతాడు, నువ్వు పెద్దోళ్ళ మానానికే గుచ్చుతాండవే! నీళ్ళుండే దేశం నుంచి వచ్చి మా ఊరికి దాపురించినావు గదనే గయ్యాళీ! తలుపు సందులో నక్కినాడు చూడు సూదప్ప, పెండ్లానికి జడిసి! ఆ నోరుగల్ల అక్క ఒగతి, పంచె ఇచ్చి తిట్లు కొంటాదంట! నీ కడుపులోది నీకన్నా పెద్ద గయ్యాళి కాకుంటే నన్నడుగు! ఈ ఊరి గడపలన్నీ ఎక్కి, మా ముసలోళ్ళ గడ్డాలన్నీ పీకుతాది అది! మారెమ్మ సాక్షి!"

జనం ఈలలు వేశారు. పలకలు దడదడలాడాయి. మట్టి మారెమ్మ మా గడప ముందు ఊగి ఊగి ముందుకు సాగింది. సుశీల పంచె గుండెకు అదుముకుని నిలబడి నవ్వుతోంది, బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. నాకూ అంతే. నన్ను నోరుగలదని చాలామంది అన్నారు గానీ అమ్మవారి ముందు, పలకలు ఆపి, అంత గౌరవంగా ఎవరూ అనలేదు.

తెల్లారి

పొద్దున్నే ప్రయాణానికి పెట్టె సర్దుతుంటే ఈరమ్మ వచ్చింది. అరుగు దగ్గర ఆగలేదు. గడప దాటి, నట్టింట్లోకి, అక్కణ్ణుంచి వంటింట్లోకి. పొయ్యి చూసి, "ఇదేం పొయ్యి, యాడన్నా ఇట్ల అలుకుతారా" అంది. సుశీలను కూర్చోబెట్టి, కడుపు మీద రెండు చేతులూ వేసి, కళ్ళు మూసుకుని, బిడ్డ తల ఎటుందో వేళ్ళతో వెతికింది. సుశీల కూడా కళ్ళు మూసుకుంది.

తర్వాత నా పెట్టె చూసింది.

"యాడికి?"

పురిటికి తీసుకుపోతున్నానన్నాను.

"రైల్లోనా? ఈ కడుపుతోనా? ఈడ మేము ల్యామా, సచ్చినామా? ఈ ఊర్లో సగం మంది నా చేతుల్లో పడినోళ్ళే!"

నేను ఊరుకుంటానా. పుట్టింటి పద్ధతి అన్నాను, మా వైపు డాక్టరమ్మలున్నారు అన్నాను. ఈరమ్మ నా ఒక్కో మాటకు నాలుగు మాటలు చెప్పింది. ఈలోగా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఆవిడ వైపు చేరారు. సత్యం మెల్లిగా తలుపు దగ్గరికి వచ్చి నిలబడితే, "నువ్వు పో అప్పా, నీ సూది మా పిల్లోళ్ళకి ఎయ్యనిచ్చేది మల్లా చూద్దాం, అది వేరే మాట" అని అతన్నీ తరిమింది. సుశీల మధ్యలో కూర్చుని వేయించిన బుడ్డలు తింటూ ఎవరి తరఫునా మాట్లాడలేదు. దాని చీరలు పెట్టెలోంచి తీసి మళ్ళీ దండెం మీద వేసింది ఎవరో నేను చూడలేదు.

నా జీవితంలో నోటి యుద్ధంలో ఓడిపోవడం అదే మొదటిసారి. పైగా పరాయి ఊళ్ళో.

బస్సు దాకా అందరూ వచ్చారు. "బిడ్డకి మెత్తని గుడ్డలు పంపు, పామిడివాడి దగ్గర కొనొద్దు, మోసం చేస్తాడు" అని ఈరమ్మ అప్పటికీ అరుస్తూనే ఉంది. బస్సు కదిలింది. కిటికీలోంచి తల బయటపెట్టి మా చెల్లెలికి చెయ్యి ఊపాను. అది నా వైపు చూడలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, పొయ్యి ఎలా అలకాలో ఈరమ్మతో గొంతెత్తి పోట్లాడుతోంది.